130 డాలర్ల ఆకుపచ్చ జెర్సీ, నంబర్ 8: రెండేళ్ల పైన వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది బట్టల రివ్యూనే, కానీ మధ్యలో ఆట గురించి ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఈ జెర్సీ వేసుకుని బయటికెళ్తే చాలు, షాప్ రైట్ సూపర్ మార్కెట్ లైన్లో నిలబడ్డా సరే, ఎవరో ఒకరు వచ్చి "రాడ్జర్స్ పని అయిపోయిందా లేదా" అని పంచాయితీ పెడతారు, బట్ట ఎలా ఉందో ఒక్కడూ అడగడు.

కొన్నది 2023 జూన్ మొదటి వారంలో. న్యూయార్క్ జెట్స్ ఆకుపచ్చ జెర్సీ, వెనకాల ఆరన్ రాడ్జర్స్ పేరు, నంబర్ 8. దాదాపు 130 డాలర్లు పడింది. న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు కాబట్టి ఆ ఒక్కటీ మిగిలింది. ఆన్‌లైన్లో కొన్నా, షాప్ పేరు రాయను, వాళ్లతో నాకు చిన్న గొడవుంది, అది తర్వాత చెప్తా.

ఇండియా నుంచి చదివేవాళ్లకి రెండు ముక్కలు. ఇది మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, అంటే కెప్టెనూ ఓపెనరూ ఫినిషరూ ముగ్గురూ ఒకడే అనుకోండి. రాడ్జర్స్ 2005 నుంచి గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఆడాడు, 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే ఫైనల్, గెలిపించాడు, నాలుగు సార్లు ఎంవీపీ, అంటే ఆ సీజన్ మేటి ఆటగాడు. అలాంటోణ్ణి 39 ఏళ్ల వయసులో, 2023 ఏప్రిల్లో జెట్స్ వాళ్లు ట్రేడ్‌లో తెచ్చుకున్నారు. ఇక్కడ ట్రేడ్ అంటే డబ్బు కన్నా డ్రాఫ్ట్ పిక్కులు, అంటే రాబోయే కొత్త కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే హక్కులు చేతులు మారతాయి. జెట్స్ తమ 13వ పిక్ ఇచ్చి వాళ్ల 15వది తీసుకున్నారు, ఇంకా కొన్ని అటూ ఇటూ మారాయి, వాటిల్లో అసలు గమ్మత్తు 2024 రెండో రౌండ్ పిక్ ఒకటి. 2023 సీజన్లో రాడ్జర్స్ టీమ్ ఆడే ప్లేల్లో (క్రికెట్‌లో ఒక్కో బంతి లాగా ఇక్కడ ఒక్కో ప్లే) 65 శాతం ఆడితే అది మొదటి రౌండ్ పిక్ అయిపోద్ది. అంటే "ఈయనలో ఇంకా ఎంత మిగిలుంది" అన్న డౌట్‌ని ఏకంగా అగ్రిమెంట్లోనే రాసుకున్నారు. అది చూసి కూడా నేను ఫుల్ రేటు పెట్టి కొన్నానంటే నన్నేమనాలో మీరే చెప్పండి.

నంబర్ గురించి కూడా చెప్పాలి. ప్యాకర్స్‌లో ఆయనది 12. జెట్స్‌లో 12 పాతకాలపు స్టార్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్‌ది, టీమ్ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది. నేమత్ తీసుకోమన్నా ఈయన వద్దని కాలేజీలో వేసుకున్న 8 తీసుకున్నాడు. ఆ పని నాకు భలే నచ్చింది, జెర్సీ కొనడానికి సగం కారణం అదే.

ఇప్పుడు సరుకు సంగతి. బట్ట బాగుంది, అందులో అబద్ధం లేదు. గాలి ఆడుద్ది, ఎండాకాలం చెమట పట్టినా ఒంటికి అతుక్కోదు. ఆ ఆకుపచ్చ రంగు ఎలాంటిదంటే గోంగూర పప్పు పడ్డా కనపడదు, అనుభవంతో చెప్తున్నా. సైజ్ మాత్రం జాగ్రత్త, మన దగ్గర ఎక్స్ఎల్ వేసుకునే నాకు ఇక్కడ ఎల్ సరిపోయింది, కానీ డిసెంబర్లో స్టేడియంకి వెళ్తే లోపల హుడీ వేసుకోవాలి, అప్పుడు ఎల్ పట్టదు, చేతులు పైకెత్తితే పొట్ట బయటికొస్తది. చలికాలం మ్యాచ్‌లకి వెళ్లే ఆలోచన ఉంటే ఒక సైజ్ పెద్దది తీసుకోండి.

నంబర్ కుట్టింది కాదు, అచ్చేసింది. కుట్టినవి ఇంకా ఖరీదు. ఉల్టా తిప్పి చల్లనీళ్లలో ఉతికి ఆరేసుకోమని లోపల రాసే ఉంది. నేను ఒకసారి మర్చిపోయి టవల్స్‌తో పాటు డ్రైయర్లో వేసేశా, 8 మధ్యలో సన్నగా పగులు వచ్చింది. తప్పు నాదే. ఆ పగులు చూసి మా తెనాలి వాడు "మడమ దగ్గరే పగిలింది చూడరా" అన్నాడు, ఆ జోకు అర్థం కావాలంటే కింద పేరా చదవాలి.

2023 సెప్టెంబర్ 11, సోమవారం రాత్రి, బఫెలో బిల్స్‌తో మొదటి మ్యాచ్. మా అపార్ట్‌మెంట్లో ఆరుగురం చేరాం, ఎడిసన్ నుంచి బిర్యానీ తెప్పించాం. రాడ్జర్స్ అమెరికా జెండా పట్టుకుని గ్రౌండ్లోకి పరిగెత్తుకుంటూ వచ్చాడు, నాకు నిజంగా రోమాలు లేచినయ్. నాలుగో ప్లే. బిల్స్ ఆటగాడు లెనార్డ్ ఫ్లాయిడ్ పట్టుకుని కింద పడేశాడు, రాడ్జర్స్ లేచాడు, మళ్లీ కూర్చుండిపోయాడు. ఎడమ కాలి మడమ దగ్గరి ఎకిలీజ్ నరం తెగిపోయింది, సీజన్ మొత్తం పోయింది. బిర్యానీ డబ్బా మూత కూడా తియ్యలేదు మేము. విచిత్రం ఏంటంటే ఆ మ్యాచ్ జెట్స్ గెలిచారు, ఓవర్‌టైమ్‌లో 22-16, కానీ మా రూమ్‌లో చావు ఇంట్లో పెళ్లి పాట వేసినట్టుంది.

తర్వాత రోజు షాప్ వాళ్లకి మెసేజ్ పెట్టా. వాళ్ల రూల్ ఏంటంటే కొన్న 90 రోజుల్లో ప్లేయర్ టీమ్ మారితే జెర్సీ మార్చిస్తారు. నాది కొని 90 రోజులు దాటి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు, పైగా ఆయన టీమ్ మారలేదు, కాలి నరం తెగింది. "గాయాలు వర్తించవు" అని ఒక్క లైన్ రిప్లై వచ్చింది. రూల్ ప్రకారం వాళ్లదే కరెక్ట్, కానీ కింద "హావ్ ఎ గ్రేట్ డే" అని పెట్టారు చూడండి, ఆ రోజుకి అది అవసరమా.

అదే జెర్సీ మా కరీంనగర్ అన్న నవంబర్లో సగం రేటుకి కొన్నాడు. "తమ్మీ, మార్కెట్ పడ్డప్పుడు కొనాలె" అంటాడు. ఇక్కడి నుంచే మా ఇంట్లో అసలు డిబేట్ మొదలైంది. ఫుల్ రేటు పెట్టిన నేనూ తెనాలి వాడూ ఒక పార్టీ, ఆయనకి ఇంకా రెండు మూడేళ్ల ఆట ఉందని. సగం రేటుకి కొన్న మా అన్నది ఇంకో పార్టీ, "చేతిల దమ్మున్నది గని కాళ్లల్ల లేదు, అయిపోయిండు" అని. మధ్యలో ఏ జెర్సీ కొనని వాళ్లు ఇద్దరున్నారు, వాళ్లు మాత్రం ప్రశాంతంగా రెండు పక్కలా తలూపి బిర్యానీ తింటారు.

2024 సీజన్ అయితే రెండు పార్టీలకీ సరిపడా సరుకు ఇచ్చింది. 40 దాటినోడు, నరం తెగి అతికించుకున్నోడు, 17 మ్యాచ్‌ల్లోనూ మొదటి నుంచే దిగాడు, పాసుల్లో 3,897 గజాలు, 28 టచ్‌డౌన్లు (బంతి అవతలి గీత దాటి పాయింట్లు తెచ్చిన త్రోలు), 11 ఇంటర్‌సెప్షన్లు (అవతలి టీమ్ చేతికి చిక్కిన త్రోలు). ఇవి చూపించి తెనాలి వాడు "ఇంకేం కావాలిరా మీకు" అంటాడు. కానీ టీమ్ 5-12, అంటే ఐదు గెలిచి పన్నెండు ఓడింది. అక్టోబర్లో కోచ్ రాబర్ట్ సాలాని తీసేశారు, పాసులు పట్టే స్టార్ దావాంటే ఆడమ్స్‌ని ట్రేడ్‌లో తెచ్చారు, అయినా బండి కదల్లేదు. అన్న ఏమంటాడంటే ఒక్కో త్రోకి సగటున 7 గజాలు కూడా రావట్లేదు, అన్నీ దగ్గర దగ్గర పాసులే, టచ్‌డౌన్ల లెక్క చూసి మోసపోవద్దు అని. ఈ ఒక్క పాయింట్ దగ్గర నాకు నోరు లేవలేదు. పాత రాడ్జర్స్ గొప్పతనమే ప్లే చెడిపోయాక మొదలయ్యేది, మీదికొస్తున్నోణ్ణి తప్పించుకుని పక్కకి పరిగెత్తుతూ మణికట్టుతో విసిరేవాడు. ఇప్పుడు ఆ పరుగు లేదు, దెబ్బ తగలకముందే బంతి వదిలించుకుంటున్నాడు. అలాగని విసరడం రాదని కాదు, అదే అక్టోబర్లో బిల్స్ మీద హాఫ్ టైమ్ ముందు 52 గజాల హెయిల్ మేరీ వేశాడు, అంటే దేవుడి మీద భారం వేసి దూరంగా విసరడం, గాల్లోకి లేపితే నేరుగా మన టీమ్ అలెన్ లజార్డ్ చేతుల్లో పడింది. తిరుమల ఘాట్ రోడ్డు మీద ముసలి ఆర్టీసీ డ్రైవర్ ఉంటాడే, ప్రతి మలుపూ తెలుసు, కళ్లు మూసుకుని దించుతాడు, కానీ లారీ ఎదురొచ్చి సడన్‌గా పక్కకి కొయ్యాల్సి వస్తే భయం. నా లెక్క అది.

ఈ పంచాయితీకి తోడు మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, చిన్నప్పటి నుంచి జెట్స్ ఫ్యాన్, నా జెర్సీ చూసి జాలిగా నవ్వి "నా బీరువాలో 4 ఉంది" అన్నాడు. 4 అంటే బ్రెట్ ఫార్వ్ అనే క్వార్టర్‌బ్యాక్. ఆయన్ని కూడా ప్యాకర్స్ నుంచే, 2008లో, ఇలాగే ట్రేడ్‌లో తెచ్చుకున్నారు, ప్యాకర్స్ ఆయన్ని పంపించింది కూడా రాడ్జర్స్‌కి దారి ఇవ్వడం కోసమే, చూడండి ఖర్మ. 8-3తో మొదలుపెట్టి 9-7తో ముగించారు, చివర్లో చేతి నొప్పితో తేలిపోయాడు. అయిపోయాడని అందరూ అన్నారు. తర్వాతి ఏడాది మిన్నెసోటా వెళ్లి 40 ఏళ్ల వయసులో 33 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లే. పెద్దాయన చెప్పేది, మా టీమ్‌కొచ్చి అయిపోతారు, ఇంకో టీమ్‌కెళ్లి లేస్తారు, మధ్యలో జెర్సీలు మా బీరువాల్లో మిగుల్తాయి అని. మనకి కొత్త కాదులెండి ఇది, 2021లో సన్‌రైజర్స్ వార్నర్‌ని కెప్టెన్సీ తీసి బెంచీ మీద కూర్చోబెడితే అయిపోయాడనుకున్నాం, అదే నవంబర్లో టీ20 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. హైదరాబాదోళ్ల బీరువాల్లో ఎన్ని ఆరెంజ్ చొక్కాలు ఉండి ఉంటాయో.

జెర్సీకి ఇంకో దెబ్బ ఏంటంటే 2024 ఏప్రిల్లో జెట్స్ డ్రెస్ డిజైనే మార్చేశారు, 80ల నాటి పాత లుక్‌కి వెళ్లారు. అంటే ఛాతీ మీద న్యూయార్క్ అని రాసున్న నా డిజైన్ ఉన్న సీజన్లో రాడ్జర్స్ ఒక్క మొత్తం మ్యాచ్ కూడా ఆడలేదు. నాలుగు ప్లేలు. 130 డాలర్లని నాలుగుతో భాగిస్తే ప్లేకి ముప్పై రెండున్నర.

2025లో రాడ్జర్స్‌ని జెట్స్ వదిలేశారు, జూన్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో సైన్ చేశాడు, నంబర్ అక్కడా 8. మొదటి మ్యాచే సెప్టెంబర్ 7న ఇక్కడ మెట్‌లైఫ్ స్టేడియంలో జెట్స్ మీద. నేను వెళ్లా, ఇదే జెర్సీ వేసుకుని వెళ్లా, అది ఏ పార్టీ జెర్సీనో నాకే తెలీదు. మా సెక్షన్లో ఆయన కనపడితే బూ అంటున్నారు, నన్ను చూసి కూడా ఒకడు బూ అన్నాడు. 41 ఏళ్ల మనిషి 4 టచ్‌డౌన్లు వేశాడు, చివర్లో స్టీలర్స్ కిక్కర్ బాస్‌వెల్ 60 గజాల ఫీల్డ్ గోల్, అంటే కాలితో తన్ని తెచ్చే పాయింట్లు, కొట్టాడు, 34-32, జెట్స్ ఓడారు. నేను లేచి చప్పట్లు కొట్టబోయి మళ్లీ కూర్చున్నా. అన్నకి ఫోన్ చేస్తే "ఒక్క మ్యాచ్ తమ్మీ, పదిహేడున్నయ్" అన్నాడు. అక్టోబర్లో స్టీలర్స్ సిన్సినాటీకి వెళ్తే అవతల క్వార్టర్‌బ్యాక్ ఎవరు, జో ఫ్లాకో, 40 ఏళ్లు, అంతకు కొన్ని రోజుల ముందే క్లీవ్‌లాండ్ నుంచి ట్రేడ్‌లో వచ్చాడు. ఇద్దరు ముసలోళ్లూ పోటీపడి విసిరారు, 33-31, ఫ్లాకో గెలిచాడు. ఆ రాత్రి అన్న ఫోనే ఎత్తలేదు.

అప్పుడు తట్టింది నాకు, రెండేళ్లుగా నేను వాదిస్తున్నది రాడ్జర్స్ కోసం కాదు, నా 130 డాలర్ల కోసం. అన్న కూడా అంతే, తన సగం రేటు తెలివిని కాపాడుకుంటున్నాడు. కావాలంటే చూడండి, ఎవడు ఎంత పెట్టి కొన్నాడో చెప్పండి, వాడి ఒపీనియన్ నేను చెప్తా.

బట్టకి 5కి 4 ఇస్తా, అచ్చు నంబర్‌కి 2, షాప్ సర్వీస్‌కి 2. ట్రేడ్‌లో వచ్చిన పెద్దవయసు క్వార్టర్‌బ్యాక్ జెర్సీ కొనాలనుంటే మొదటి సీజన్ సగం అయ్యేదాకా ఆగండి, బాగా ఆడితే అదే రేటుకి దొరుకుద్ది, ఆడకపోతే సగానికి దొరుకుద్ది. ఆగలేము అంటే ఆట మానేసిన జెట్స్ పాత స్టార్లవి తీసుకోండి, నేమత్ 12 కొనుక్కోండి, రివిస్ 24 కొనుక్కోండి, కర్టిస్ మార్టిన్ 28 కొనుక్కోండి, వాళ్ల మోకాళ్ల గురించి మిమ్మల్ని ఎవరూ అడగరు.

ప్రస్తుతం నాది మా నాన్న వేసుకుంటున్నారు, ఆరు నెలల వీసా మీద వచ్చారు, పొద్దున వాకింగ్‌కి చలిగా ఉందని స్వెటర్ మీద తొడిగేస్తారు. మొన్న వాకింగ్ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ "ఏరా, ఈ ఎనిమిదో నంబర్ వాడు ఎవర్రా, ఒకాయన కారాపి మరీ ఏదో చెప్పి తల అడ్డంగా ఊపి వెళ్లాడు, ఇంకొకడు బొటనవేలు పైకెత్తాడు. ఇంతకీ వీడు ఆడతాడా ఆడడా?" అన్నారు. కూర్చోండి నాన్నా, కాఫీ తాగుతూ చెప్తా అన్నా.