స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్ల ఈటీఎఫ్: కొనే ముందు అమ్మకం సంగతి చూసుకోండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కొన్నాళ్లుగా ఒక సలహా తిరుగుతోంది. రొయ్యల పట్టుబడి డబ్బో, దాళ్వా ధాన్యం డబ్బో రెండు మూడు నెలలు ఖాళీగా ఉంటే ప్రభుత్వ బాండ్ల ఈటీఎఫ్‌లో (స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్ముకునే ఫండ్‌లో) వేయమంటున్నారు. అది బ్యాంకు డిపాజిట్ లాంటిదేనట, ఎప్పుడు కావాలంటే అప్పుడు పూర్తి ధరకు అమ్ముకోవచ్చట. ఈ రెండు మాటలూ నమ్మకండి. మా బావగారి డబ్బుకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే ఇది రాస్తున్నాను.

బావగారు రొయ్యల చెరువు ఎండబెట్టి మళ్లీ సీడు (రొయ్య పిల్లలు) వదిలేదాకా డబ్బు భద్రంగా ఉంచాలనుకున్నారు. ఒక బ్రోకరు తరఫున వచ్చిన వ్యక్తి, "ప్రభుత్వ బాండు, స్వల్పకాలికం, అసలుకు ఢోకా లేదు" అని చెప్పి కొనిపించాడు. సీడుకూ మేతకూ కట్టాల్సిన సమయం వచ్చి అమ్మమంటే, మంచి ధరకు కొనేవాళ్లు కొద్ది యూనిట్లకే ఉన్నారు. మిగతావి అంతకంతకూ తక్కువ ధరకు పోయాయి. ఆ రోజు ఫండ్ ప్రకటించిన ఎన్ఏవీకీ (ఫండ్ ఆస్తుల లెక్కన ఒక్కో యూనిట్ విలువకీ) ఆయన చేతికి వచ్చిన సగటు ధరకూ పొంతనే లేదు. అడిగితే, మార్కెట్ ఆర్డరు (ఆ క్షణం దొరికిన ధరకే అమ్మేసే ఆర్డరు) వేశాం, మార్కెట్లో ధర అంతే ఉంది అన్నారు. కొనిపించేటప్పుడు మాత్రం ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు కోపం తెప్పించింది అదే.

ప్రభుత్వ బాండు మీద ప్రభుత్వం ఇచ్చే హామీ ఏమిటంటే, వడ్డీ సకాలంలో ఇస్తానని, గడువు తీరాక అసలు చెల్లిస్తానని. మధ్యలో మీరు అమ్ముకునే ధరకు ఎవరి హామీ లేదు. పైగా ఈటీఎఫ్‌లో మీ చేతిలో ఉండేది బాండు కాదు, బాండ్లున్న ఫండ్‌లో ఒక యూనిట్. దాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 లోపు ఇంకొకరు కొంటేనే డబ్బు. ఫండ్ సంస్థకే నేరుగా తిరిగి ఇచ్చేద్దామంటే ఆ దారి మామూలుగా 25 కోట్ల రూపాయలు దాటిన లావాదేవీలకే. ముగింపు ధర ఎన్ఏవీ కంటే 1 శాతానికి మించి తక్కువగా వరుసగా 7 ట్రేడింగ్ రోజులు ఉండిపోవడం వంటి కొన్ని పరిస్థితుల్లో మాత్రమే చిన్న మదుపరులకు ఆ తలుపు తెరుస్తారు. వారంలో సీడు దించాల్సిన రైతుకు అది ఏం అక్కరకొస్తుంది?

లెక్క వేసి చూడండి. ఎన్ఏవీ 60 రూపాయలుంటే కొనేవాళ్లు 59.40 దగ్గర ఉన్నారనుకుందాం. తేడా 60 పైసలే, కానీ అది 1 శాతం. 3 లక్షల మీద 3,000 రూపాయలు. ఏడాదికి 6.5 శాతం చొప్పున అదే 3 లక్షలకు రెండు నెలల్లో వచ్చేది 3,250. బ్రోకరేజీ, అమ్మినప్పుడు డీమ్యాట్ ఖాతా మీద పడే రుసుము కూడా తీసేస్తే మిగిలేది ఏముంది? పొదుపు ఖాతాలో ఉంచినా అంతకంటే నయం.

ఇక "స్వల్పకాలికం" అన్న మాట. ఫండ్‌లో ఉన్న బాండ్ల గడువు ఎంతో అడిగి తెలుసుకోండి. బావగారికి కొనిపించిన దానిలో ఉన్నవి ఐదేళ్ల చుట్టూ గడువున్న బాండ్లు. పదేళ్ల బాండు పక్కన పెడితే అది పొట్టిదే కావచ్చు, రెండు నెలల అవసరానికి పొట్టిది కాదు. మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర తగ్గుతుంది. ఐదేళ్ల బాండ్లలో ఒక శాతం పెరుగుదలకు సుమారు 4 శాతం ధర పోతుంది. ఇది పుస్తకాల్లో మాట కాదు. 2022 మే 4న రిజర్వు బ్యాంకు ముందస్తు షెడ్యూలు లేకుండా సమావేశమై రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 4.40 శాతానికి పెంచింది, 2023 ఫిబ్రవరికి అది 6.50కి చేరింది. 2013 జూలైలో రూపాయిని నిలబెట్టడానికి బ్యాంకులు అత్యవసరంగా తీసుకునే అప్పు మీద రేటును 10.25 శాతానికి పెంచినప్పుడు, కదలవనుకున్న స్వల్పకాలిక ఫండ్ల విలువలు కూడా పడ్డాయి.

అన్ని ఈటీఎఫ్‌లనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ప్రభుత్వ సెక్యూరిటీల తాకట్టు మీద ఒక్క రోజు అప్పులిచ్చే లిక్విడ్ ఈటీఎఫ్‌లు వేరు, వాటి ధర దాదాపు కదలదు. వాటిలోనూ రోజువారీ డివిడెండును యూనిట్లుగా మార్చి ఇచ్చే రకం ఉంది. అలా చేరిన యూనిట్ ముక్కలు ఎక్స్ఛేంజీలో అమ్ముడుపోవు, ఆ డివిడెండు మీద పన్ను మాత్రం మీ స్లాబు (మీ ఆదాయాన్ని బట్టి పడే పన్ను రేటు) ప్రకారం కట్టాలి.

పన్ను విషయంలో మన వైపు ఇంకో అపోహ ఉంది. వరి పంట ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆ డబ్బు మీద వచ్చిన లాభానికీ లేదనుకుంటారు. ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న ఇలాంటి రుణ ఫండ్ల లాభాన్ని, ఎన్నేళ్లు ఉంచినా సరే, మీ స్లాబు రేటుతోనే లెక్కిస్తారు. డిపాజిట్‌కు 5 లక్షల వరకు ఉండే బీమా దీనికి లేదు.

తేదీ ముందే తెలిసిన అవసరమైతే ట్రెజరీ బిల్లు (ఏడాది లోపు గడువుతో ప్రభుత్వం తీసుకునే అప్పు పత్రం) చూడండి. 91, 182, 364 రోజుల గడువుతో ఉంటాయి. 2021 నవంబరులో మొదలైన రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్‌లో (మామూలు జనం నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనే వేదికలో) ఉచితంగా ఖాతా తెరిచి 10,000 రూపాయల నుంచి కొనవచ్చు. గడువుదాకా ఆగితే ఎంత వస్తుందో కొన్న రోజే తెలుస్తుంది. మధ్యలో అమ్మాలంటే మళ్లీ ఇదే తంటా. తేదీ తెలియకపోతే మామూలు లిక్విడ్ ఫండ్ నయం. అక్కడ ఫండ్ సంస్థే ఎన్ఏవీ ధరకు తిరిగి తీసుకుంటుంది, ఏడో రోజు నుంచి ఎగ్జిట్ లోడ్ (తొందరగా తీసేస్తే పడే కోత) కూడా ఉండదు.

ఇప్పటికే ఈటీఎఫ్ కొని ఉంటే కంగారుపడి అమ్మకండి. కొనేవాళ్లు ఎంత ధరకు, ఎన్ని యూనిట్లకు ఉన్నారో తెరిపించి చూడండి. అమ్మాల్సి వస్తే మార్కెట్ ఆర్డరు వద్దు, మీ ధర చెప్పి లిమిట్ ఆర్డరే వేయించండి, అవసరానికి కొన్ని రోజుల ముందునుంచే కొంచెం కొంచెంగా అమ్మండి. మాట ఇచ్చి తప్పారనిపిస్తే కాంట్రాక్ట్ నోటు (లావాదేవీకి బ్రోకరు ఇచ్చే వివరాల పత్రం) దాచుకుని ముందు బ్రోకరుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తేలకపోతే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో నమోదు చేయండి. ఫోనులో తీసుకున్న ఆర్డరుకు రికార్డు ఉంచాల్సిన బాధ్యత బ్రోకరుదే. బావగారు ఇప్పుడు ఆ రికార్డే అడుగుతున్నారు.