దామరచర్ల వైపు పెట్టుబడికి ‘పదేళ్ల పరిశ్రమల అంచనా’ ప్యాకేజీ: రాళ్ల లెక్క బాగుంది, మనుషుల లెక్క తప్పింది

మిర్యాలగూడ, దామరచర్ల చుట్టూ లాడ్జి, మెస్, టిప్పర్లు పెట్టాలనుకునేవాళ్లకు హైదరాబాద్ కన్సల్టెన్సీ ఒకటి అమ్ముతున్న ప్యాకేజీ ఇది. ఒక ఎక్సెల్ ఫైలు, మ్యాపులు, ఒక ఫోన్ సంప్రదింపు ఇస్తారు. రేటింగ్: 5కు 2.5.

సున్నపురాయి, కృష్ణా నీళ్లు, విష్ణుపురం రైల్వే లైను ఉన్న షీట్లు శుభ్రంగా ఉన్నాయి. వాటికి వంక పెట్టలేం.

చిక్కంతా ‘లేబర్’ షీటులో ఉంది. మెగావాట్‌కు ఇంతమంది అని ఒకే అంకె పెట్టి పదేళ్లూ అదే లాగారు. థర్మల్ ప్లాంటులో అలా ఉండదు. ముందు సెంట్రింగ్, రాడ్‌బెండింగ్ మేస్త్రీలు దిగుతారు. తర్వాత బాయిలర్ బిగించే వెల్డర్లు, ఫిట్టర్లు వస్తారు. ప్లాంటు నడక మొదలయ్యాక మిగిలేది అందులో కొద్దిమందే. బయటి రాష్ట్రాల కూలీలను కాంట్రాక్టర్లు ఎక్కువగా లేబర్ క్యాంపుల్లోనే ఉంచుతారు కాబట్టి వాళ్లు మీ గదులకు రావడం తక్కువే. పిల్లల చదువుల కోసం మిర్యాలగూడలో ఇల్లు వెతికేది ఇంజినీర్ల కుటుంబాలు. ఈ తేడా ఫైలులో ఎక్కడా లేదు.

గడువు విషయం ఇంకా ప్రమాదం. దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ ప్లాంటు (5 యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు) శంకుస్థాపన 2015 జూన్‌లో జరిగింది. తొలి యూనిట్‌ను జాతికి అంకితం చేసింది 2024 డిసెంబర్‌లో. ఆలస్యానికి ఒక్క గడి కూడా పెట్టని ఫైలును నమ్మి బ్యాంకు అప్పు తెస్తే వడ్డీయే మింగేస్తుంది. మొత్తం పట్టికను 2 ఏళ్లు, 4 ఏళ్లు ఆలస్యమైనట్టు జరిపి, అప్పుడు కూడా కిస్తీ కట్టగలరేమో చూసుకోండి.

ప్రాజెక్టుకు జనం ఒప్పుకోలు ఉందా అనేదానికి ‘అవును/కాదు’ అని ఒకే గడి ఉంది! నల్గొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదన మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, ఖనిజం ఇప్పటికీ భూమిలోనే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం సమ్మతి కావాలి, అదీ భూమి పోయే ప్రభావిత కుటుంబాలది. మూడేళ్లుగా సాగు చేస్తూ అదే ఆధారంగా బతుకుతున్న కౌలుదారు ఆ సమ్మతి లెక్కలోకి రాకపోయినా, పునరావాసానికి అతనిదీ ప్రభావిత కుటుంబమే. 2025 దాకా నడిచిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు (భూమి సాగు చేసే మనిషి) గడే లేదు మరి, ఆ రికార్డులతో అతన్ని లెక్కించేదెట్ల? పేచీ అక్కడే పుడుతుంది, ఏళ్లు అక్కడే పోతాయి.

జనాభాకు 2011 సెన్సస్‌నే వాడారు. అది తప్పదు గానీ, 2016లో జిల్లాలు విడిపోయి హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు పట్టీ సూర్యాపేటలోకి వెళ్లింది. ఫైలులో పాత నల్గొండ అంకెల పక్కన కొత్త నల్గొండ అంకెలు కూర్చున్నాయి. పాలమూరు కూలీలందరినీ ‘అందుబాటులో’ అని రాశారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పూనా పోయినవాళ్లు అది తీరేదాకా ఎలా వస్తారు?

కొనే ముందు లేబర్ షీటును నిర్మాణం, బిగింపు, నడక అని మూడుగా విడగొట్టి, మండలాల వారీగా ఇవ్వమనండి. ఇవ్వకపోతే మ్యాపులు మాత్రమే సగం ధరకు అడగండి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో దొరుకుతుంది, 30 రోజుల ముందు నోటీసు వస్తుంది. ఆ కాగితాలకు డబ్బు కట్టాల్సిన పనిలేదు.