లండన్‌లో కాప్లీ పుస్తకం, కిటికీ తెరుచుకోని గది

కింగ్స్‌క్రాస్ దగ్గర గది తీసుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా. ఫొటోలో కిటికీ కనిపిస్తే, అది తెరుచుకుంటుందా అని అడగండి. మేం అడగలేదు. రాత్రికి 96 పౌండ్లు కట్టి బేస్‌మెంట్‌లో దిగాం. కిటికీ ఉంది, మేకులు దిగ్గొట్టేసి ఉంది. అద్దంలోంచి చెత్తడబ్బాలు. లోపల తడి తువ్వాళ్ళ కంపు. మేనేజర్‌కి చెబితే ఫోన్‌లోంచి తలెత్తకుండానే, పైగది కావాలంటే రాత్రికి ఇంకో 30 అన్నాడు. ఆఖరిరోజు సాయంత్రం దాకా రెండు పెట్టెలు ఉంచినందుకు 14 పౌండ్లు గుంజాడు. బుక్ చేసింది నేనే కాబట్టి మావారు మూడు రోజులూ పొడిపొడిగానే మాట్లాడారు.

నేను వెళ్ళింది బ్రిటిష్ మ్యూజియంలో ఒక శరీరశాస్త్ర బొమ్మల పుస్తకం కోసం. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగిల్టన్ కాప్లీ 1756లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, బోస్టన్‌లో వేసుకున్నది. "చర్మం ఒలిచిన మనుషుల్ని చూడ్డానికి ఇంత దూరమా?" అన్నారీయన. ఒక్కదాన్నే వెళ్ళాను.

ఆ పుస్తకం చూడాలంటే ముందే ఈమెయిల్ పెట్టి టైమ్ తీసుకోవాలి, పైసా ఖర్చు లేదు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఒకావిడ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, పేజీ ఎలా తిప్పాలో ఓపిగ్గా చూపించింది. ఆ మేనేజర్‌ని ఈవిడ దగ్గర వారం రోజులు ట్రైనింగ్‌కి పంపాలి!

అప్పట్లో బోస్టన్‌లో బొమ్మలు నేర్పే బడి లేదు. నగిషీలు చెక్కే సవతి తండ్రి పీటర్ పెల్హామ్ 1751లోనే పోయాడు. ఇక యూరప్ నుంచి వచ్చిన శరీరశాస్త్ర పుస్తకాల్లోని అచ్చుబొమ్మలే ఈ కుర్రాడికి గురువులు. కండరం కండరానికీ ఒక చిన్న అక్షరం పెట్టి, దేని పేరేమిటో రాసుకున్నాడు, పరీక్షకి చదివే పిల్లాడిలా. అమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్ళినప్పుడు ఇతను 1768లో వేసిన పాల్ రివియర్ అనే వెండిపని ఆయన బొమ్మ చూశాను. ఒక చేతిలో టీపాట్, ఇంకో చేయి గడ్డం కింద. ఆ వేళ్ళలో బరువు ఎక్కడిదో ఇక్కడ అర్థమైంది. (1773లో బ్రిటన్ పన్ను మీద కోపంతో బోస్టన్ జనం సముద్రంలో పారబోసిన టీ చేరాల్సిన వర్తకుల్లో కాప్లీ మామగారూ ఒకరు. కాప్లీ 1774లో ఊరు వదిలి, మళ్ళీ వెళ్ళకుండా 1815లో లండన్‌లోనే పోయాడు.)

కిందికి వచ్చేసరికి మావారు అమరావతి శిల్పాల గదిలో ఉన్నారు. ఆయనది గుంటూరు. "మన పల్నాడు రాయికి ఏసీ గది, మనకేమో బేస్‌మెంటు" అన్నారు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ.