ఐటీజీమేనియా: ఆట ఫస్ట్ క్లాస్, తంటా అంతా మ్యాట్‌తోనే

ఆర్కేడ్ డాన్స్ మెషీన్‌ను ఇంటికి తెచ్చుకోవాలంటే ఇవాళ ఐటీజీమేనియాను మించిన దారి లేదు. పాట దరువుకి తెర మీద బాణాలు వస్తాయి, నేల మీది మ్యాట్‌లో ఆ బాణాల గడుల్ని సమయానికి కాళ్లతో తొక్కాలి, అదీ ఆట. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ ఉన్నా సరిపోతుంది. అయినా "ఎంత బాగా తొక్కినా మిస్ అంటోంది" అని మొదటి రోజే పక్కన పడేసేవాళ్లున్నారు. చాలాసార్లు తప్పు ఆటది కాదు, పాదానికీ తెరకీ మధ్య ఉన్న సామానుది. అందుకే ఈ రివ్యూలో సగం ఆ సామాను గురించే.

ముందు దీని పుట్టుక రెండు ముక్కల్లో. 1998లో జపాన్‌లో కొనామి తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌తో నాలుగు బాణాల ఆట మొదలైంది. దానికి నకలుగా కంప్యూటర్‌లో ఆడుకోవడానికి అభిమానులు రాసుకున్నది స్టెప్‌మేనియా. దాని మీదే కట్టి 2004లో అమెరికాలో రాక్సర్ సంస్థ ఇన్ ద గ్రూవ్ మెషీన్ విడుదల చేసింది. కొనామి కోర్టుకెక్కింది, 2006లో రాజీ కుదిరి ఆ ఆట హక్కులు కొనామికే పోయాయి. మెషీన్ ఆగింది గానీ ఆడేవాళ్లు ఆగలేదు. స్టెప్‌మేనియా నుంచి వాళ్లు విడదీసి పెంచుతున్న శాఖే ఐటీజీమేనియా.

ఆటగా దీనికి వంక పెట్టడం కష్టం. సింప్లీ లవ్ థీమ్, అంటే తెర మీది రూపం, లోపలే వస్తుంది. రంగులు తక్కువ, సమాచారం ఎక్కువ. పాట అయ్యాక ఎన్ని అడుగులు ముందు పడ్డాయో, ఎన్ని వెనక పడ్డాయో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. అన్నిటికంటే పై తీర్పు 'ఫెంటాస్టిక్' రావాలంటే అడుగు దరువుకి అటూ ఇటూ సుమారు 23 మిల్లీసెకన్లలో పడాలి. ఇంత సన్నని కొలత మీద నడిచే ఆటకి నాసి మ్యాట్ తగిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మ్యాట్ కొనేటప్పుడు చూడాల్సింది రంగూ మందమూ కాదు, అది కంప్యూటర్‌కి ఏం చెబుతోందన్నది. చౌక యూఎస్‌బీ మ్యాట్‌లలో కొన్ని నాలుగు బాణాలనూ నాలుగు విడి బటన్లుగా పంపవు, గేమ్‌ప్యాడ్ మీద దిక్కులకి ఉండే ప్లస్ ఆకారపు మీట, డీ-ప్యాడ్‌లా పంపుతాయి. డీ-ప్యాడ్ ఒకేసారి ఎడమకీ కుడికీ పోలేదు. కాబట్టి ఎడమ-కుడి కలిపి దూకితే రెండూ రద్దయి మిస్ పడుతుంది. విచిత్రంగా ఎడమ-కింద జంప్ మాత్రం చక్కగా పడుతుంది. ఈ తేడా కనిపించిందంటే జబ్బు ఇదే. ఆటలోని టెస్ట్ ఇన్‌పుట్ తెర తెరిచి ఎడమ, కుడి గడుల్ని రెండు చేతులతో ఒకేసారి నొక్కండి, రెండూ వెలగాలి. వెలగకపోతే మ్యాట్‌కి మోడ్ మార్చే వీలుందేమో చూడండి, లేకపోతే వాపసు ఇచ్చేయండి. పాత ప్లేస్టేషన్ మ్యాట్‌కి కన్వర్టర్ తగిలించేవాళ్లకీ ఇదే పరీక్ష.

మన ఇళ్లలో ఇంకో చిక్కు, నేల. నున్నటి టైల్స్ మీద మెత్తటి మ్యాట్ రెండో పాటకే జారి మూలకు చేరుతుంది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ చెక్క వేసి, మ్యాట్ అంచుల్ని దానికి టేపుతో గట్టిగా అంటించండి. చెక్క కింద రబ్బరు షీటు వేస్తే కింది ఫ్లాట్ వాళ్లు కూడా కాస్త ఓర్చుకుంటారు. మ్యాట్ మీద వట్టి కాళ్లతోగానీ మేజోళ్లతోగానీ ఆడాలి, బూట్లు ఇనప ప్యాడ్‌కే. ఆడటం అయ్యాక మడత పెట్టకుండా చుట్టండి. మడత పడిన చోటే లోపలి విద్యుత్ పొర చిట్లుతుంది, ఆ తర్వాత ఒక గడి పలకడం మానేస్తుంది. ఒక్కసారి తొక్కితే రెండుసార్లు నమోదవుతుంటే ఆట ప్రిఫరెన్సెస్ ఫైలులో ఇన్‌పుట్ డీబౌన్స్ టైమ్‌ను (వెంటనే వచ్చే దొంగ నొక్కుల్ని పట్టించుకోని వ్యవధి, సెకన్లలో) 0.02కి పెంచండి. అంతకు మించితే ఒకే బాణం వెంటవెంటనే వచ్చే చోట అడుగుల్ని మింగేస్తుంది.

ఇక సింక్, అంటే శబ్దమూ బాణాలూ అడుగులూ ఒకే క్షణానికి కుదరడం. బ్లూటూత్ స్పీకర్ వద్దే వద్దు, వైరు పెట్టండి. టీవీ అయితే గేమ్ మోడ్ వేయండి. తర్వాత తెలిసిన పాట ఒకటి పెట్టి, ఎఫ్ 6ను 'ఆటోసింక్ మెషీన్' అని వచ్చేదాకా నొక్కండి. బాణాల్ని చూసి కాకుండా, పాట విని తొక్కండి. కొన్ని అడుగులయ్యాక ఆటే లెక్క సరిచేసుకుంటుంది, చివర్లో సేవ్ చేయాలా అని అడుగుతుంది. శబ్దం కుదిరినా బొమ్మ వెనకబడితే విజువల్ డిలే అని వేరే సెట్టింగ్ ఉంది. అంతా కుదిరాక కూడా కొన్ని పాటల మూటల్లో మాత్రం అడుగులన్నీ ముందుకో వెనక్కో ఒక వైపుకే వాలితే కంగారు పడక్కర్లేదు. ఇన్ ద గ్రూవ్ మెషీన్ లెక్కకు సరిపెట్టిన మూటలకీ, ఏ తేడా కలపకుండా సున్నా లెక్కకు సరిపెట్టిన వాటికీ మధ్య 9 మిల్లీసెకన్ల తేడా ఉంటుంది.

వేగం సంగతి. మామూలు 1 ఎక్స్‌లో బాణాలు ఒకదానిమీద ఒకటి కుక్కినట్టు వస్తాయి. కొత్తవాళ్లు వేగం తగ్గిస్తే తేలికనుకుంటారు, నిజానికి పెంచితేనే బాణాల మధ్య ఖాళీ వచ్చి చదవగలుగుతారు. బాణాల వేగం పెట్టిన అంకెను దాటకుండా చూసే ఎమ్-మాడ్ అనే సెట్టింగ్‌లో 350 దగ్గర మొదలుపెట్టండి. సీ-మాడ్ అనే ఇంకో సెట్టింగ్ వేస్తే వేగం పాటంతా ఒకేలా ఉంటుంది గానీ, పాట ఆగి మళ్లీ ఎత్తుకునే చోట కంటికి ఆ సూచన ఉండదు.

కొత్తవాళ్లందరూ చేసే పని ఇంకొకటి: తొక్కుడుబిళ్లలోలా ప్రతి అడుగుకీ మధ్య గడికి వెనక్కి రావడం. అక్కర్లేదు. బాణం మీద పాదం ఆనించి ఉంచితే మార్కులు పోవు, గనులు (మైన్స్, తొక్కకూడని గుర్తులు) వచ్చినప్పుడు మాత్రం తీయాలి. ఎడమ, కింద, కుడి అని వరసగా వస్తే ఎడమకాలు, కుడికాలు, మళ్లీ ఎడమకాలు. మూడో అడుగుకి ఒళ్లు తిరగాలి, తిరగనివ్వండి. ఐదు గడుల పంప్ ఇట్ అప్ పద్ధతి కూడా ఇందులో ఉంది, కాకపోతే దానికి వేరే ప్యాడ్ కావాలి.

తెలుగు పాటలు లోపల ఉండవు, మనమే చేసుకోవాలి. ఆరోవోర్టెక్స్ అనే ఉచిత ఎడిటర్‌లో పాట తెరిచి అడిగితే బీపీఎమ్ (నిమిషానికి ఎన్ని బీట్లో), ఆఫ్‌సెట్ (మొదటి బీటు ఎక్కడ పడుతుందో) అదే వెతికి పెడుతుంది. ఎంపీ3 కన్నా ఓజీజీ వాడండి, ఎంపీ3 మొదట్లో చేరే ఖాళీ వల్ల సింక్ తప్పుతుంది. కంప్యూటర్‌లో కట్టిన ఇప్పటి బాణీలకు ఒకే బీపీఎమ్ సరిపోతుంది. వాద్యాలన్నీ మనుషులే వాయించిన పాత పాటల్లో తాళం కాస్త ఊగుతుంది, అక్కడ రెండు మూడు వరసలకోసారి బీపీఎమ్ మార్చక తప్పదు. తీన్మార్ దరువుకైతే ముందే ఎడిటర్‌లో స్నాప్‌ను (బాణాలు అతుక్కునే గీతల లెక్క) 12కి మార్చండి. ఒక్కో బీటులో మూడు దెబ్బలుంటాయి కాబట్టి మొదటిది ఎరుపు, మిగతా రెండూ ఊదా రంగులో పడాలి. 16లో పెడితే రెండో దెబ్బ తొందరపడుతుంది, మూడోది ఆలస్యమవుతుంది.