తాళంచెవులు లోపల ఉండిపోయిన ఇంటి లాకరు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

విజయనగరంలోని మా ఇంట్లో, పడకగది గూటిలో గోడకు బోల్టులతో బిగించిన ఎలక్ట్రానిక్ లాకరును 2018 నుంచి వాడుతున్నాం. అంకెల మీటలు, తిప్పే పిడి, అత్యవసరానికి రెండు తాళంచెవులు, విడిగా ఒక చిన్న బ్యాటరీ డబ్బా దీనితో వచ్చాయి. నగలకూ, పట్టాదారు పాసుపుస్తకాలకూ, ఇంటి దస్తావేజులకూ చోటు సరిపోతుంది. గడియల బిగువులో ఇన్నేళ్లలో వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు.

అసలు పరీక్ష నిరుడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందు వచ్చింది. నగలు తీద్దామని అత్తగారు కోడ్ నొక్కితే మీటలు మోగాయి, పచ్చ దీపం క్షణం వెలిగి ఆరిపోయింది, పిడి మాత్రం తిరగలేదు. లోపలున్న నాలుగు పెన్సిల్ సెల్లులు నీరసించాయన్నమాట. దీపానికి చాలే కొద్దిపాటి కరెంటు, గడియకు అడ్డుపడే సోలెనాయిడ్ (కరెంటు పారితే అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) పుల్లను లాగడానికి చాలదు కనుక, కోడ్ సరైనదే అయినా తలుపు కదలదు. అటువంటప్పుడు అక్కరకు రావలసిన తాళంచెవులనూ, బ్యాటరీ డబ్బానూ, కొన్న బిల్లుతో సహా, మామగారు భద్రంగా ఉంటాయని ఆ లాకరులోనే పెట్టి ఉన్నారు.

కంపెనీవారు మర్యాదగానే మాట్లాడారు గానీ, మారు తాళంచెవి కావాలంటే బిల్లూ, సీరియల్ నంబరూ అడిగారు. ఆ నంబరు చీటీ లాకరు వీపున, గోడకు ఆనుకుని ఉంది. (దానిని అక్కడ అతికించమన్నవారి ఇంట్లో లాకరు లేదనే నా నమ్మకం.)

చివరకు గంటస్తంభం వైపు నుంచి పిలిపించిన తాళాలాయన డ్రిల్లు బయటకు తీయకుండానే పని కానిచ్చారు. మీటల పక్కనున్న ప్లాస్టిక్ మూత ఊడదీస్తే, తాళం రంధ్రం పక్కనే బయటి బ్యాటరీ తగిలించే సన్నని సాకెట్ కనిపించింది. "కోడు తెలిసినప్పుడు ఇంక తాళంతో పనేటమ్మా?" అంటూ, ఒక్కొక్కటి 1.5 వోల్టుల కొత్త సెల్లులు నాలుగు వరుసగా కలిపి, 6 వోల్టుల సరఫరాను ప్లస్, మైనస్ సరిచూసుకుని రెండు తీగలతో అందించారు. లోపల కిక్కిరిసిన ఫైళ్లు తలుపును బయటికి నెట్టి గడియలను బిగబట్టకుండా, నన్ను అరచేత్తో తలుపును లోపలికి అదిమిపట్టమన్నారు. కోడ్ నొక్కగానే ఈసారి 'టక్' మని స్పష్టంగా వినిపించి పిడి తిరిగింది.

కోడ్ కూడా మరచిపోయినవారికి ఈ ఉపాయం పనికిరాదు. వారికి తాళంచెవో, డ్రిల్లో తప్పదు. అందుకే కొత్తగా కొనేవారు రేకు మందం కన్నా ముందు, సెల్లులు తలుపు బయటి నుంచి మార్చుకునే వీలుందో లేదో చూడాలని నేనంటాను. మా లాకరుకు ఆ వీలు లేనందువల్లనే ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. గోడకు బిగించే ముందు సీరియల్ నంబరును ఫోటో తీసుకోవడం, తలుపు తెరిచి ఉండగానే తాళంచెవి తిరుగుతుందో లేదో చూసుకోవడం కూడా అవసరం. మా తాళంచెవుల్లో ఒకటి ఇప్పుడు శ్రీకాకుళంలో ఆడపడుచు ఇంట్లో ఉంది, రెండోదీ, బ్యాటరీ డబ్బా మా వంటింటి అటక మీద ఉన్నాయి.