జాగ్రత్త అన్నా: సబ్‌మెరైన్ బాడీకి పాత కంప్రెసర్ ట్యాంక్ కొనేవాళ్ళు ఇది చదివి పొండి

నెల్లూరు, కావలి, ఒంగోలు సైడ్ సొంతంగా చిన్న సబ్‌మెరైన్ చేసుకుందాం అనుకునే మనలాంటి పిచ్చోళ్ళు కొందరు ఉండారు కదా, వాళ్ళ కోసం ఇది. బాడీకి పాత ఎయిర్ కంప్రెసర్ ట్యాంక్ వెతుకుతా ఉంటే నెల్లూరు దగ్గర ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర దొరికింది. మీటర్ పైన వెడల్పు, మ్యాన్‌హోల్ ఉండాది, రెండు పక్కలా డిష్ ఎండ్‌లు (గిన్నె మాదిరి ఉబ్బిన మూతలు), లోపలా బయటా కొత్త ప్రైమర్, చూస్తే పెళ్ళికొడుకు మాదిరి ఉండాది. 8 ఎంఎం ప్లేట్ అన్నాడు, 15 కేజీల ప్రెజర్‌కి హైడ్రో టెస్ట్ చేసినట్టు సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు, 20 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు.

ముందు ఆ కాయితం సంగతి. నేమ్ ప్లేట్ మీద నంబర్ ఒకటి, సర్టిఫికెట్ మీద ఇంకోటి. అడిగితే "రెండూ ఒకే లాట్ అన్నా" అంటాడు. అసలు నంబర్లు కలిసినా ఆ టెస్ట్ మన పనికి చాలదు. కంప్రెసర్ ట్యాంక్‌కి హైడ్రో టెస్ట్ అంటే నీళ్ళు నింపి లోపల్నుంచి ప్రెజర్ ఇస్తారు, అట్టా తోస్తే ట్యాంక్ ఇంకా గుండ్రంగా అవుద్ది, చిన్న సొట్ట ఉన్నా సర్దుకుంటది. మనం నీళ్ళలో దిగితే తోసేది బయట్నుంచి, అప్పుడు ఆ సొట్ట దగ్గరే మొదలై బాడీ మొత్తం లోపలికి నలిగిపోద్ది. ప్రతి 10 మీటర్ల లోతుకి చదరపు సెంటీమీటర్ మీద ఇంచుమించు 1 కేజీ పెరుగుద్ది కాబట్టి "15 కేజీలంటే 150 మీటర్లు దిగొచ్చన్నా" అని లెక్క చెప్పాడు, ఎంత ధైర్యమో చూడండి, దిగేది వాడు కాదుగా. గాలి పోయే దారి మూసేసి పంపుతో ఖాళీ చేస్తే రోడ్డు మీద తిరిగే ట్యాంకర్లే నలిగిపోతాయి, అక్కడ బయట్నుంచి పడేది 1 కేజీకి మించదు. అందుకే సబ్‌మెరైన్ బాడీకి నలగకుండా పట్టి ఉంచే స్టిఫ్నర్ రింగులు వరసగా వెల్డ్ చేస్తారు, చెన్నైలో సముద్ర టెక్నాలజీ చూసే ప్రభుత్వ సంస్థ ఎన్ఐఓటీ వాళ్ళు మనుషుల్ని సముద్రం లోతుకి దించే మత్స్య 6000లో మనుషులు కూర్చునే చోటుని 2.1 మీటర్ల టైటానియం గోళంగా పెట్టిందీ అందుకే.

ఇంక ప్లేట్ సంగతి. మా బామ్మర్ది కృష్ణపట్నం సైడ్ వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ పని చేస్తాడు, ప్లేట్ మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ తెచ్చాడు. పైభాగంలో 7.8 ఎంఎం చూపిచ్చింది, బానే ఉండాది అనుకున్నాం, డ్రెయిన్ ప్లగ్ చుట్టూ పెడితే రీడింగే నిలబడట్లా. పాత ట్యాంక్‌కి లోపల కొత్త ప్రైమర్ ఎందుకబ్బా అని ముందే అనుమానం ఉండాది, లోపలికి దూరి గ్రైండర్‌తో గీకితే ప్రైమర్ కింద లప్పం, లప్పం కింద గుంటలు, కొన్నిచోట్ల మిగిలింది 4 ఎంఎం. గాల్లో తేమ నీళ్ళై అడుగున నిలబడుద్ది కాబట్టి ఈ ట్యాంకుల్ని తుప్పు తినేది అక్కడే, వాడికీ తెలుసు, అందుకే లప్పం అక్కడే పెట్టాడు. మందం సగమైతే బయటి ప్రెజర్‌ని తట్టుకునే బలం సగానికి కాదు, ఆరో వంతు దాకా పడిపోద్ది, రింగులు లేని పొడుగు ట్యాంక్ అయితే ఎనిమిదో వంతే.

అడ్వాన్స్ అడిగితే "ఎట్టా నీళ్ళలో ముంచేదేగా, తుప్పైతే ఏంది" అన్నాడు, తర్వాత "రొయ్యల గుంటల దగ్గర నీళ్ళ ట్యాంక్‌గా పెట్టుకోండి" అన్నాడు, ఇప్పుడు ఫోనే ఎత్తట్లా. రూపాయి ఇచ్చేముందే గేజ్ పెట్టించండి, ముఖ్యంగా అడుగున, వద్దంటే అక్కడ్నుంచి వచ్చేయండి. టేపు, దారం పట్టుకుని వ్యాసం నాలుగు దిక్కులా కొలవండి, తేడా ఉంటే గుండ్రం తప్పినట్టే. మందం ఎంతో బిల్లు మీద రాయించుకోండి, మాకు రాసిచ్చిన రసీదులో "పాత ట్యాంక్ 1" అని తప్ప ఇంకేం లేదు.

అదే ట్యాంక్‌కి నీలం రంగు కొట్టి మళ్ళీ అమ్మకానికి పెట్టాడంట. పైన రెండు లిఫ్టింగ్ హుక్కుల్లో ఒకటి విరిగి ఉంటది, అదే గుర్తు.