నూటయాభైకి వేడినీళ్ళు, నూటయాభైకి తోపు

కర్ణాటకలోని బీజాపూర్ (ఇప్పటి పేరు విజయపుర) వెళ్ళేవాళ్ళకి మొదటి మాట: బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో దిగకండి. ఫోన్లో మాతో మాట్లాడినవాడు "ఏసీ డబుల్ 1,400, ఇరవైనాలుగ్గంటలూ వేడినీళ్ళు" అని తీయగా చెప్పాడు. హైదరాబాద్ నుంచి మనిషికి 950 పెట్టి స్లీపర్ బస్సెక్కి, రాత్రంతా కుదుపులు తిని, తెల్లారి వాడి కౌంటర్ ముందు నిలబడ్డాం. "1,400 రూముకి సార్. ఏసీ ఆన్ చేస్తే 1,900" అన్నాడు. మిషన్ రూములో గోడకే ఉంది. రిమోట్ మాత్రం వాడి సొరుగులో!

బాబాయ్, పిన్ని ఒక రూము, నేనూ మావాడూ ఇంకోటి. బాత్రూములో గీజరుంది, దాని వైరు తెగి వేలాడుతోంది. అడిగితే కుర్రాడొకడు బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి పెట్టి, బకెట్టుకి 50 అని చెయ్యి చాపాడు. మావాడు స్నానమే వద్దన్నాడు కాబట్టి మూడు బకెట్లతో సరిపోయింది, నూటయాభై. దుప్పట్ల సంగతి చెప్పను. పిన్ని మాత్రం బ్యాగులోంచి చీర తీసి పరుచుకుని "తుల్జాపూర్ అమ్మవారి దర్శనం అంటే వచ్చాను గానీ, లేకపోతేనా" అని ఆ ఒక్క ముక్కతో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

అసలు ఈ ఊరు బాబాయ్ కోసం. ఆయన ముప్పయ్యేళ్ళకి పైగా ఫౌండ్రీలో, అంటే లోహం కరిగించి పోతపోసే కార్ఖానాలో, మౌల్డింగ్ షాపులో చేసి రిటైరయ్యాడు. అందరూ గోల్ గుంబజ్ అనే సుల్తాను సమాధి కోసం వస్తే, ఈయన మాలిక్-ఎ-మైదాన్ అనే తోపు, అంటే పాత ఫిరంగి కోసం వచ్చాడు. నన్నడిగితే ఆయనదే సరైన లెక్క. గుంబజ్ గొప్పదే, కాదనను. 25 రూపాయల టికెట్, పైన గుసగుసల గ్యాలరీలో స్కూలు పిల్లల కేకలకి చెవులు దిమ్మెక్కాయి, దిగొచ్చేశాం.

ఆటోవాడికి "మాలిక్-ఎ-మైదాన్" అంటే వెలగలేదు. "ఓ, ముల్క్ మైదాన్ తోప్!" అని 80 తీసుకుని కోట పడమటి గోడ దగ్గర దింపాడు. మేం వెళ్ళినప్పుడు టికెట్టూ లేదు, జనమూ లేరు. మెట్లెక్కితే షేర్జా బురుజు మీద పడుకుని ఉంది. పొడవు 14 అడుగుల 4 అంగుళాలే గానీ బరువు 55 టన్నులంటారు. ముందు నేను చూసింది నోరు. సింహం నోరు తెరుచుకుని ఉంటుంది, కోరల మధ్య రెండువైపులా ఏనుగులు నలిగిపోతుంటాయి. మావాడు ఫోన్ పక్కన పెట్టి ఆ ఏనుగు తొండం మీద వేలితో గీత గీసుకుంటూ ఉండిపోయాడు. ఎండ మండుతోంది, లోహం మాత్రం చల్లగా తగిలింది.

బాబాయ్ చేతి ఉంగరంతో టంగుమని కొట్టాడు. సన్నగా, చాలాసేపు మోగింది. "కంచురా ఇది. నూటికి ఎనభై పాళ్ళు రాగి, ఇరవై తగరం. ఇది గంట పోసే లెక్క. తోపుకి తగరం పది పాళ్ళ చుట్టూ ఆపుతారు, ఎక్కువైతే పెళుసెక్కి పేలిపోతుంది" అన్నాడు. మరి ఇదెలా నిలిచింది బాబాయ్ అంటే మూతి దగ్గర జేన వేసి కొలిచాడు. మూతి అడ్డం దాదాపు ఐదడుగులు, లోపలి బోరు 2 అడుగుల 4 అంగుళాలు. అంటే చుట్టూ పదిహేను అంగుళాల పైన మందం. "పెళుసుదనాన్ని మందంతో కాశాడు. ఇంత లోహం ఒక్క కొలిమిలో కరగదు. చుట్టూ కొలుములు పెట్టి అన్నీ ఒకేసారి వదలాలి. ఒక్కటి ఆలస్యమైతే అతుకు పడుతుంది, అక్కడే చీలుతుంది" అంటూ అతుకు కోసం చుట్టూ తిరిగి వెతికాడు. ఆయన కంటికి దొరకలేదు. పోసినవాడు మహమ్మద్ బిన్ హసన్ రూమీ, 1549లో, అహ్మద్‌నగర్‌లో. ఆ పేరు తోపు మీదే చెక్కి ఉంది.

1565 రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరపు అళియ రామరాయల సైన్యం మీద ఈ తోపే పేలిందంటారు. ఇది కాకపోయినా, ఆరోజు అహ్మద్‌నగర్ తోపుల్లో గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి దగ్గర్నుంచి పేల్చారని చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. రామరాయల నీడలో ఏడేళ్ళు తలదాచుకున్న మన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా ఆరోజు రామరాయల మీదికొచ్చిన సుల్తానులవైపే! తర్వాత ఈ తోపు పరండా కోటలో ఉంటే 1632లో 400 ఎద్దులు, 10 ఏనుగులు కట్టి బీజాపూర్ లాక్కొచ్చారట. 1686లో ఊరు గెలిచిన ఔరంగజేబు తన విజయాన్నీ దీని మీదే చెక్కించాడు. మరుసటేడు గోల్కొండ పడింది. ఆ కోటలో పెట్ల బురుజు మీది ఫతే రహ్బర్ ఔరంగజేబు తోపే, మావాడు స్కూలు పిక్నిక్‌లో చూసొచ్చాడు. "అది సన్నగా ఉంటుంది తాతయ్యా, దీనిముందు బచ్చా" అన్నాడు.

1854లో ఇంగ్లీషువాళ్ళు పనికిరాని సామాన్ల కింద ఈ తోపుని వేలానికి పెట్టారు. పెద్ద పాట నూటయాభై రూపాయలు! మరీ చవకని ఎవరో అధికారి పైకి రాస్తే వేలం ఆగిపోయింది. ఇది చెప్పగానే పిన్ని మౌనం వీడి "అంటే మన మూడు బకెట్ల నీళ్ళు" అంది.

అక్కణ్ణుంచి ఉప్లి బురుజు నడిచే దూరమే. తోపుని చూసి ఇటు రాకుండా వెళ్ళిపోతే సగమే చూసినట్టు. 1584లో హైదర్‌ఖాన్ కట్టించిన గుండ్రటి బురుజు, ఎనభై అడుగుల ఎత్తు, బయట చుట్టూ తిరిగే మెట్లు. పిన్ని కిందే చెట్టునీడన కూర్చుంది. పైన ముప్పై అడుగులు దాటిన ఇనుప తోపు. ఇది పోసింది కాదు, కొట్టింది. అంత ఇనుముని కరిగించి పోసే వీల్లేక, నిలువునా ఇనుప కడ్డీలు పేర్చి, బండి చక్రానికి పట్టా ఎక్కించినట్టు ఎర్రగా కాల్చిన కట్లు ఒకదాని పక్కన ఒకటి దిగ్గొట్టారు. చల్లారాక అవి బిగుసుకుంటాయి. కట్లు కట్లుగా ఉన్న ఆ ఒంటి మీద చెయ్యేస్తే వేళ్ళకి అంచులు తగులుతాయి. "అక్కడ పోతపనివాడు, ఇక్కడ కమ్మరి" అన్నాడు బాబాయ్. అద్దాల వెనక కత్తులు వరసగా పెట్టిన మ్యూజియాలు చాలా తిరిగాను. ఆయుధం ఎలా తయారైందో ఇంత దగ్గరగా తెలిసింది ఇక్కడే. కానీ ఆ తేడా చెప్పే బోర్డు ఒక్కటీ కనబడలేదు. బాబాయ్ లేకపోతే రెండూ తోపులే అనుకుని వచ్చేవాణ్ణి.

పిన్ని కోపం తగ్గింది ఖానావళిలో, అంటే అక్కడి భోజనాల మెస్సులో. ఆటోవాడే చూపించాడు. పేరు రాసిన బోర్డు కూడా లేదు. వేడి వేడి జొన్నరొట్టె చేత్తో తట్టి వేస్తూనే ఉంటారు, వద్దనేదాకా. మన గుత్తివంకాయకి చుట్టం లాంటి ఎణ్ణెగాయి, వేరుశనగ పొడి, అవిసె పొడి, గడ్డ పెరుగు, పచ్చి ఉల్లిపాయ. భోజనం 90. పిన్ని నాలుగు రొట్టెలు తిని, లోపలికెళ్ళి ఎణ్ణెగాయిలో ఏం వేశారో కనుక్కుని, వేరుశనగ పొడి పావుకిలో 80కి కట్టించుకుంది.

మర్నాడు పన్నెండు కొట్టగానే ఖాళీ చెయ్యమని లాడ్జివాడు తలుపు బాదాడు. షోలాపూర్ మీదుగా తుల్జాపూర్, అమ్మవారి దర్శనం బాగా అయింది.

వెళ్ళేవాళ్ళు బస్టాండుకి కాస్త దూరమైనా స్టేషన్ రోడ్డు వైపో మరెక్కడో దిగండి, రేటూ ఏసీ సంగతీ వాట్సాప్‌లో రాయించుకోండి. శుక్రవారం పెట్టుకోకండి, గుంబజ్ ముందున్న మ్యూజియానికి ఆరోజు సెలవు. తోపుల దగ్గరికి ఉదయమే వెళ్ళండి, ఉప్లి బురుజు మెట్లకి పిట్టగోడ సరిగా లేదు, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. దక్షిణపు గోడ మీద లండా కసాబ్ అని 21 అడుగుల ఇంకో ఇనుప తోపుంది. ఆటోవాళ్ళు "అక్కడేముంది సార్" అంటారు, 60 ఎక్కువిచ్చయినా తీసుకెళ్ళమనండి.